సుబేదారుగారి ట్రంకు పెట్టె

మొన్న తాతయ్య సంవత్సరీకానికి ఊరెళ్ళాం. కార్యక్రమం అయ్యి, భోజనాలు లేచి, చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరాక, అమ్మా చిన్న మావయ్యా కలిసి అటక మీంచి నల్ల ట్రంకు పెట్టె దింపారు. మూత మీద తెల్ల పెయింటుతో తాతయ్య నంబరు, ర్యాంకు, పేరు. సగం అక్షరాలు చెరిగిపోయాయి. గొళ్ళెం తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. మావయ్య కొబ్బరినూనె రాసి, రోకలితో మెల్లగా తడితే వచ్చింది.

మూత లేచిందో లేదో, కలరా ఉండల ఘాటు. దాని వెనకే బ్రాసో వాసన.

ఆ వాసనకి నాకు ఎనిమిదేళ్ళు వచ్చేశాయి. ఆగస్టు పదిహేనుకి ముందురోజు మధ్యాహ్నం వీధి అరుగు మీద మమ్మల్నందర్నీ వరసగా కూర్చోబెట్టి, తలో పాత బనీను ముక్కా ఇచ్చి, మెడల్స్ రుద్దమనేవాడు తాతయ్య. తెల్లటి బ్రాసో చుక్క పడగానే గుడ్డ నల్లగా అయిపోయేది. మా పెద్దన్నయ్యకి ఎప్పుడూ ఆరు కోణాల బర్మా స్టార్ కావాలి. దాని రిబ్బను ముదురు నీలం, మధ్యలో వెడల్పాటి ఎర్ర పట్టీ, అటూ ఇటూ నారింజ గీతలు. రిబ్బనుకి బ్రాసో తగిలితే మాత్రం తాతయ్యకి కోపం వచ్చేది. రేపు స్కూల్లో జెండా దగ్గర కోటు మీద అవన్నీ వరసగా మెరవాలి. ఏ మెడలు ఎందుకిచ్చారని అడిగితే "అప్పుడక్కడ ఉన్నాం కాబట్టి ఇచ్చారు" అనేవాడు. అంతకంటే ఎక్కువ ఏ రోజూ చెప్పలేదు.

*

మా అమ్మమ్మగారి ఊరు పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే బయటివాళ్ళకి తెలుస్తుంది. ఇంటికొకరైనా సైన్యంలో చేరే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధానికే ఇక్కణ్ణించి 90 మంది వెళ్ళారని ఊళ్ళో లెక్క చెప్తారు. రెండోదానికి వెళ్ళినవాళ్ళు వందల్లో ఉన్నారు. గజపతుల కాలంలో ఆరుగొలను కోట కోసం వచ్చి స్థిరపడ్డ సైనికుల సంతతి మనం అని ముసలివాళ్ళు చెప్పుకునేవారు.

మా చిన్నప్పుడు ఆ ఊళ్ళో ఏ ఇంట్లోకి వెళ్ళినా దేవుడి పటాల పక్కన యూనిఫారంలో ఒక ఫొటో ఉండేది. "మీవాడు ఎక్కడున్నాడు?" అని అడిగితే ఉద్యోగం సంగతి కాదు, ఏ బార్డరులో ఉన్నాడని. కాపురానికొచ్చిన కోడళ్ళకి ఇంకేం తెలిసినా తెలియకపోయినా 56 ఏ.పి.ఓ. అన్న మిలట్రీ పోస్టాఫీసు అడ్రసు తెలుసు. శెలవు మీద ఎవరైనా వస్తే గూడెం స్టేషన్ నుంచి జట్కాలో నల్ల ట్రంకూ, ఆకుపచ్చ బెడ్డింగూ దిగేవి. వీధి చివర జట్కా కనపడగానే పిల్లలం ఎవరింటి ముందు ఆగుతుందా అని వెంట పరిగెత్తేవాళ్ళం.

ఆ ఊళ్ళో తాతయ్య ఒక్కడే పెద్ద సైనికుడేమీ కాదు. ఆ వీధిలోనే మరో ఇద్దరు సుబేదార్లు ఉండేవారు. కానీ "సుబేదారుగారు" అని ఊరికే అంటే మాత్రం తాతయ్యే.

*

తెల్లవారుజామున నాలుగున్నరకి నూతి గిలక చప్పుడుతో ఆ ఇల్లు లేచేది. తర్వాత ఎనామిల్ మగ్గులో గడ్డం బ్రష్షు తిప్పే చప్పుడు. గడ్డం గీసుకోని తాతయ్యని నేను ఆఖరి వారం దాకా చూడలేదు. ఏడింటికి రేడియో. స్టేషను దొరికేదాకా కుయ్ కుయ్‌మని, ఆ తర్వాత "ఆకాశవాణి" అన్న గొంతు. ఆ పది నిమిషాలూ ఇంట్లో గిన్నె చప్పుడవకూడదు. అమ్మమ్మ కూడా పోపు వెయ్యడం ఆపేసేది.

మా పక్క బట్టలు మేమే మడతపెట్టాలి. దుప్పటి అంచులు నాలుగూ కలవాలి. కలవకపోతే తిట్టడు. మళ్ళీ విప్పేసి పక్కన పెట్టి వెళ్ళిపోతాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టెలో నిప్పులు రాజేసి, ధోవతి కూడా నిక్కరంత నిటారుగా ఇస్త్రీ చేసుకునేవాడు. నీళ్ళు చిలకరించి పెట్టె ఆనిస్తే వచ్చే ఆ చుయ్‌మనే చప్పుడూ, వేడి గుడ్డ వాసనా ఇప్పుడు ఎక్కడా లేవు.

అన్నం తప్ప ఎరగని ఆ ఊళ్ళో ఆదివారం రాత్రి మా ఇంట్లో మాత్రం చపాతీలు. పిండి తనే కలిపేవాడు. అమ్మమ్మ పొయ్యి దగ్గర్నించి లేచి పీట మీద కూర్చుని చూసేది. వారంలో ఆవిడకి దొరికే విశ్రాంతి అదొక్కటే. కందిపప్పు పల్చగా కాచి, పైన ఇంగువ బదులు ఉల్లిపాయ పోపు. దాన్ని మేం మిలట్రీ పప్పు అనేవాళ్ళం. తినేటప్పుడు "జల్దీ, జల్దీ" అనేవాడు. పిల్లలు పళ్ళెం ఖాళీ చేస్తే "శాబాష్". అయిదో తరగతి దాకా చదివిన మనిషి బెంగుళూరు వెళ్ళి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ రాయడం నేర్చుకుని, పరీక్ష పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టు కూడా ఈ ట్రంకులోనే ఉంది. నాకు తెలిసి మెడల్స్ కంటే అదంటేనే ఆయనకి గర్వం.

*

తాతయ్య సైన్యంలోకి వెళ్ళడానికి ముందు, మా ముత్తాతకి తమ్ముడొకాయన రంగంలో ఉండేవాడు. రంగూన్‌ని అప్పట్లో మనవాళ్ళు రంగం అనేవారు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఓడలెక్కి బియ్యం మిల్లుల్లోకి, రేవుల్లోకి పనికి వెళ్ళిన వేలమందిలో ఆయన ఒకడు. జపాను వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు కొండల్లోంచి నడుచుకుంటూ ఇంటికి చేరాడు. వెళ్ళేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒక్కడు. ఆయన భార్య దారిలోనే పోయింది. 1942 ఏప్రిల్లో విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. గూడెంలో విమానాల కోసం రన్‌వే వేస్తున్నారు. ఆ మరుసటేడు తాతయ్య సైన్యంలో చేరాడు. పుట్టిన తేదీ అడిగితే తెలీదన్నాడట. వాళ్ళే జులై ఒకటి అని రాసుకున్నారు. మేం పుట్టినరోజు చేసింది ఆ తేదీకే.

మద్రాసు సాపర్స్‌లో తీసుకున్నారు. బెంగుళూరు హలసూరు చెరువు దగ్గర ట్రైనింగు. వంతెనలు కట్టడం, రోడ్లు వెయ్యడం, మందుపాతరలు వెతికి తియ్యడం, ఇదీ వాళ్ళ పని. యుద్ధం గురించి నోరు విప్పని తాతయ్య బెయిలీ వంతెన గురించి అడిగితే మాత్రం చెప్తూనే ఉండేవాడు. ఒక్కో ఇనప పలక పది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు, 570 పౌన్ల బరువు. ఆరుగురు మనుషులు మోస్తారు. క్రేను అక్కర్లేదు. ఒక పలక చివర మరో పలక పెట్టి పిన్ను దించితే అతుక్కుపోతుంది. అలా ఒడ్డు మీదే కలుపుకుంటూ, నది మీదికి నెట్టుకుంటూ పోతారు. రాత్రి పూట, దీపం లేకుండా.

"ఆరుగురిలో ఒక్కడు ముందు వదిలేశాడనుకో అమ్మలూ, మిగతా అయిదుగురి నడుములూ పోతాయి. అందుకే ఎవడూ సొంతంగా దించడు. మాట వినపడాలి, అందరూ ఒక్కసారే దించాలి."

బర్మాలో ఇరావతి నది మన గోదారి కంటే పెద్దదా అని నేనడిగేదాన్ని. "నీళ్ళు అలాంటివే. అవతలి గట్టు కనపడుతుందంతే" అనేవాడు. యుద్ధం అయ్యాక రంగం చేరినప్పుడు తన చిన్నాన్న ఉన్న వీధి వెతుక్కుంటూ వెళ్ళాడట. మిల్లు లేదు, కొట్టాలు లేవు. కానీ ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని తెలుగులో ఎవర్నో తిడుతోందట. ఆ మాటలు విని అక్కడే నిలబడిపోయాడట. బర్మా గురించి తాతయ్య నవ్వుతూ చెప్పిన కథ అదొక్కటే.

*

ఎర్రకాలువ పొంగిన ఒక వానాకాలం నాకు బాగా గుర్తుంది. అవతల పొలాలకి వెళ్ళే చిన్న వంతెన కొట్టుకుపోయింది. పశువులూ, మకాంలో ఉన్న రెండు కుటుంబాలూ అటువైపే ఉండిపోయారు. తాతయ్యకి అప్పటికే అరవై దగ్గర పడుతున్నాయి. నిక్కరు తొడుక్కుని, మెడకి ఈల తాడు కట్టుకుని గట్టు మీదికొచ్చాడు. ఊళ్ళో శెలవు మీద ఉన్న కుర్రాళ్ళని పోగుచేశాడు. తాటిదుంగలు తెప్పించాడు. ఒక్కో దుంగకి ఆరుగురు. "ఏక్, దో" అంటుంటే అందరి కాళ్ళూ ఒకేసారి పడేవి. ఎక్కడ ఏ ముడి వెయ్యాలో తనే వంగి చూపించాడు. పొద్దున మొదలెట్టి రెండో రోజు మధ్యాహ్నానికి మనుషులూ గేదెలూ ఇవతలికొచ్చేశారు.

అందరూ కేరింతలు కొడుతుంటే తాతయ్య దూరంగా చింతచెట్టు కింద కూర్చున్నాడు. నేను మగ్గుతో టీ పట్టుకెళ్ళాను. తీసుకుంటున్న చేతులు వణుకుతున్నాయి. చలేస్తోందా తాతయ్యా అన్నాను.

"లేదమ్మలూ. అవతలి గట్టున మనవాళ్ళే ఉన్నారు కదా. ఇంత సుళువుగా ఎప్పుడూ కట్టలేదు."

అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమైన వయసొచ్చేసరికి అడిగే ధైర్యం లేకపోయింది.

*

అమ్మమ్మకి చదువు రాదు. పెళ్ళయిన నెలకే తాతయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఉమ్మడి ఇల్లు. అత్తగారు, మావగారు, ముగ్గురు మరుదులు. తాతయ్య ఉత్తరం వస్తే సాయంత్రం స్కూలు పంతులుగారొచ్చి అరుగు మీద అందరి ముందూ చదివేవారు. తండ్రికి నమస్కారాలు, తల్లికి నమస్కారాలు, తమ్ముళ్ళ చదువులు, వరి కోతలు, పంపిన మనియార్డరు అందిందా లేదా. అంతమంది ముందు భార్య ఎలా ఉందని రాసే రోజులు కావు.

మూడో ఉత్తరంలోనో నాలుగో ఉత్తరంలోనో చివర ఒక మాట వచ్చింది. "నల్లావు ఎలా ఉంది? మేత తింటోందా? దాన్ని ఎండలో ఉంచకండి."

ఆ ఇంట్లో నల్లావు లేదు. ఉన్నవి తెల్ల ఎద్దులు రెండూ, ఒక గేదే. అమ్మమ్మ మాత్రం మంచి నలుపు.

"నేను తలుపు వెనకాల నిలబడి వింటున్నాను. గుండె ఆగిపోయిందనుకో" అని చెప్పేది అమ్మమ్మ, డెబ్భై ఏళ్ళ వయసులో కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. "మా మావగారేమో, వీడికి ఎండలకి మతి పోయినట్టుంది, మనకి నల్లావెక్కడిదీ అన్నారు. పంతులుగారు మళ్ళీ చదివారు. నల్లావే. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అదే. మావగారు ప్రతిసారీ అదే మాట. పాపం, ఆయనకి ఆఖరిదాకా తెలీదు."

ఈ కథ మేం వందసార్లు విని ఉంటాం. ప్రతి వేసంగి శెలవుల్లోనూ ఒకసారి చెప్పించుకునేవాళ్ళం. తాతయ్య అక్కడే పడక్కుర్చీలో ఉండేవాడు. అవునని గానీ కాదని గానీ ఒక్కసారీ అనలేదు. మగ్గులో టీ చూసుకుంటూ కూర్చునేవాడు.

*

తాతయ్య దాదాపు పాతికేళ్ళు చేసి, సుబేదారుగా పింఛను మీద వచ్చాడు. అంతకాలం ఉత్తరం రాసే వైపు ఉన్న మనిషి, 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఉత్తరం కోసం చూసే వైపుకి వచ్చాడు. అప్పటికి పెద్ద మావయ్య కూడా సాపర్స్‌లోనే. పాకిస్తాన్ సరిహద్దులో శకర్‌గఢ్ వైపు ఉన్నాడని మాత్రం తెలుసు. బసంతర్ నది దగ్గర ట్యాంకులు దాటడానికి మందుపాతరల మధ్య దారి తీసింది వాళ్ళ రెజిమెంటే అని తర్వాత తెలిసింది.

ఆ పద్నాలుగు రోజులూ ఎలా గడిచాయో అమ్మ చెప్తుంది. యుద్ధం మొదలైన రాత్రే విశాఖ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ జలాంతర్గామి మునిగిపోయింది. ఆ కబురు తెలిసి ఊరు ఊరంతా సంబరపడింది. తాతయ్య రేడియో దగ్గర్నించి లేవలేదు. పోస్టాఫీసులో సంచీ విప్పే వేళకి రోజూ వెళ్ళి నిలబడేవాడు. అడిగేవాడు కాదు. పోస్టుమాస్టరు తల అడ్డంగా ఊపితే వెనక్కొచ్చేసేవాడు. ఆ వీధిలో అలా నిలబడే తండ్రులు ఇంకా నలుగురైదుగురు ఉండేవారట. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదట. సైకిలు బెల్లు మోగితే ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవారు. టెలిగ్రాం తెచ్చేవాడి మొహం చూడకూడదని.

మందుపాతర తియ్యడం అంటే ఏమిటో ఆ ఇంట్లో తెలిసినవాడు తాతయ్య ఒక్కడే. బాయొనెట్టు మొన వాలుగా దించుతూ, అంగుళం అంగుళం నేల తడుముకుంటూ వెళ్ళాలి. ఆ సంగతి అమ్మమ్మకి చెప్పలేదు. "వాడిది రోడ్లు వేసే పని, భయం లేదు" అన్నాడట. ఆవిడ నమ్మిందట. కాదు, నమ్మినట్టు ఉందేమో.

పెద్ద పండగ వెళ్ళాక మావయ్య ఉత్తరం వచ్చింది. ఆ రోజు తాతయ్య పోస్టాఫీసులోనే విప్పి చదివేసుకుని, అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడట. అరగంటయినా ఇంటికి రాకపోతే అమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. పోస్టుమాస్టరుగారు కిటికీ దగ్గరికి జరిగి అటు తిరిగి నిలబడి ఉన్నారట.

*

అమ్మమ్మ పోయాక తాతయ్య తొమ్మిదేళ్ళు బతికాడు. ప్రతి నవంబరులోనూ బతికే ఉన్నానని సర్టిఫికెట్టు ఇవ్వాలి కదా, ఆఖర్లో వేలిముద్ర మిషన్లు వచ్చాయి. ఆయన వేళ్ళు అరిగిపోయి, మిషను ఎన్నిసార్లు నొక్కినా పట్టేది కాదు. ఓపిగ్గా పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టేవాడు. అన్నేళ్ళు ఇనుమూ, తాళ్ళూ, మట్టీ పట్టుకున్న చేతులవి. నాకు ఏడుపొచ్చేది.

చివరి ఏడాది మనుషులు కలిసిపోయేవారు. నన్ను అమ్మ అనుకునేవాడు, అమ్మని వాళ్ళమ్మ అనుకునేవాడు. ఒకరోజు సాయంత్రం మంచం మీంచి లేచి కూర్చుని, "నల్లావుకి నీళ్ళు పెట్టారా?" అన్నాడు. అమ్మ మాట్లాడలేకపోయింది. చిన్న మావయ్య "పెట్టాం నాన్నా" అన్నాడు. సరేనని పడుకున్నాడు.

పోయిన రోజు ఊళ్ళో పాత మిలట్రీ వాళ్ళందరూ కోట్లకి మెడల్స్ పెట్టుకుని వచ్చారు. కర్ర పట్టుకున్నవాళ్ళు కర్ర పక్కన పెట్టి సెల్యూట్ చేశారు. మనవళ్ళు పాడె ఎత్తారు. నాలుగడుగులు వేశారో లేదో, అడుగులు కలవక పాడె ఊగింది. వెనకాల నడుస్తున్న ఒక ముసలి హవల్దారు, తాతయ్య దగ్గర ట్రైనింగయిన ఆయన, మెల్లగా "ఏక్, దో" అని మొదలెట్టాడు. రెండడుగుల్లో పాడె నిలబడింది. ఊరు దాటేదాకా ఆయన ఆపలేదు.

*

ట్రంకులో ఏముందని అందరం చుట్టూ చేరాం. కోటు, మెడల్స్ పెట్టిన సిగరెట్ డబ్బా, డిశ్చార్జి బుక్, ఉర్దూ సర్టిఫికెట్టు, పెచ్చులూడిన ఎనామిల్ మగ్గు. అడుగున ఆయిల్ క్లాత్ ముక్కలో చుట్టి, ఇంటి నుంచి ఆయనకి వెళ్ళిన ఉత్తరాలు. ఓ పాతిక ఉంటాయి. అన్నీ పంతులుగారి గుండ్రటి చేతిరాత. మా ముత్తాత చెప్పగా రాసినవి. ఇక్కడ అందరం క్షేమం, వానలు బాగా కురిశాయి, గేదె ఈనింది, నువ్వు పంపిన ముప్ఫై రూపాయలూ ముట్టాయి.

అమ్మ చదువుతూ చదువుతూ ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పంతులుగారి రాత అయిపోయాక, అడుగున ఖాళీలో వేరే చేతిరాత ఉంది. పెన్సిలుతో, పెద్ద పెద్ద వంకర అక్షరాలు, సగం వాటికి వత్తులు లేవు. "మా తాతదే. దస్తావేజుల మీద సంతకం ఇలాగే ఉంటుంది" అంది.

"నలావు కులాసా. మేత తింటంది. ఎండలో ఉంచటం లేదు. బెంగ పెటుకోకు."

మిగతా ఉత్తరాలు తిరగేశాం. మరో ఆరింటి అడుగున కూడా ఉంది. ఒకదాంట్లో "నలావు కులాసా" అని రెండే మాటలు.

చాలాసేపు ఎవరం ఏమీ అనలేదు. అమ్మ మొదటి ఉత్తరం ఇంకోసారి పైకి చదివింది, గోడ మీది అమ్మమ్మ ఫొటో వైపు తిరిగి, కొంచెం గట్టిగా. తర్వాత పాత మడతల మీదే మడిచి, ఆయిల్ క్లాత్‌లో చుట్టి, కొత్త కలరా ఉండలు రెండు వేసి మూత వేసింది.